ఏ పొజిషనూ లేని పిల్ల

మా క్యాచరుకు అమ్మవారు పోసిందని నాకు మొదట చెప్పింది బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క. ఇంకా ప్రార్థన గంట కూడా కొట్టలేదు. చేతిలో బియ్యం చాట అలాగే పట్టుకొని గ్రౌండు దాకా వచ్చింది.

"మేడం, మీ ముసుగు పిల్ల రాదు. ఒళ్ళంతా పోసుండాది. వాళ్ళమ్మ గడపకు యాపాకు కట్టినాది. నేను సూసే వస్తాండా" అంది.

ముఖానికి కమ్మీల మాస్కు పెట్టుకొని ఆడుతుంది కాబట్టి క్యాచరుకు ఆమె పెట్టిన పేరు అది.

"ఎన్నాళ్ళు పడుతుందక్కా? ఎల్లుండే చిత్తూరులో మ్యాచి."

"ఎన్నాళ్ళని నన్నడిగితే ఎట్ల మేడం? తల్లి ఎప్పుడు దిగుతాదో తల్లికే తెలియాల. మీ మ్యాచి సంగతి ఆ తల్లికి ఎవురు సెప్పాల?"

నేను మనసులోనే గంగమ్మకు దండం పెట్టుకున్నాను. ఆ తర్వాతే కోపం తెచ్చుకున్నాను. అమ్మవారి మీద కోపం చూపలేం కదా, అందుకని ఆ రోజంతా మిగతా అందరి మీదా చూపించాను. ఎవరి మీద చూపాలో తెలుసుకునేసరికి ఎల్లుండి కూడా దాటిపోయింది.

కొత్తగా పీఈటీ ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. నేను రేణిగుంటకు దగ్గర్లోని ఒక ప్రభుత్వ బాలికల హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. గెలిచిన మ్యాచిల గురించి అడిగితే చెప్పగలను గాని, వాటివల్ల మీకు పెద్దగా ఉపయోగం లేదు. ఓడిన ఒక్క మ్యాచి చెబుతాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడే మొదలైంది. మాది తిరుపతిలో గుడి సేవ చేసుకునే కుటుంబం. నేను పదో తరగతి పరీక్ష రాసేదాకా బడి మొహం చూడలేదు. మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన పెట్టిన భిక్షకు ఈ రోజుకీ కృతజ్ఞురాలిని. కాని బడికి పోని పిల్లకు జట్టు అంటే ఏం తెలుస్తుంది? నాకు తెలిసిన జట్టల్లా గుడిలో సేవ చేసేవాళ్ళే. వంట చేసేవారు వంటే చేస్తారు, పాఠం చదివేవారు పాఠమే చదువుతారు, దివిటీ పట్టేవారు దివిటీ పడతారు. ఒకరి వంతు మరొకరు ముట్టుకోరు. అది నాకు చాలా అందంగా కనిపించేది. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, ముప్పై దాటాక సాఫ్ట్‌బాల్ రూల్సు పుస్తకం చదువుకొని పిల్లలకు నేర్పడం మొదలుపెట్టినప్పుడు, అందులో తొమ్మిది స్థానాలు, తొమ్మిది పేర్లు చూసి ఎంత సంతోషించానో. ఎవరి కైంకర్యం వారిది అనుకున్నాను.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఒకమ్మాయి చేతిని కిందినుంచి తిప్పి బంతి విసురుతుంది, ఆమె పిచ్చరు. బ్యాటు పట్టుకున్న అమ్మాయి వెనక గొంతుకూర్చొని ఆ బంతిని అందుకునేది క్యాచరు. మూడు బేసుల దగ్గర, అంటే పరిగెత్తేవాళ్ళు కాలు పెట్టే గుర్తుల దగ్గర, ముగ్గురు, రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్యలో ఒకరు, దూరంగా గడ్డిలో ముగ్గురు. బ్యాటు చేసిన అమ్మాయి మూడు బేసులూ చుట్టి మొదలుపెట్టిన చోటికి వస్తే ఒక పరుగు. అంతే.

ఆరో తరగతిలో చేరిన పిల్లకు నేను ఒక స్థానం ఇచ్చానంటే పదో తరగతి దాటేదాకా అది ఆమెదే. పిల్లలూ అట్లాగే తయారయ్యారు. థర్డ్ బేస్ పిల్ల తన బేసు చుట్టూ నేల తానే చదును చేసుకునేది, ఇంకొకరు అడుగు పెడితే ఊరుకునేది కాదు. ఏ అమ్మాయి రాకపోయినా, ఆమె స్థానంలో ఎప్పుడూ ఒకే ఒక్క పిల్లను నిలబెట్టేదాన్ని.

ఆ పిల్లే ఈ కథకు కారణం. వాళ్ళ నాయన రేణిగుంటలో ఒక గోడౌన్లో మూటలు దించే పని చేసేవాడు. ఆయనకు ఏ పూట షిఫ్టో దాన్నిబట్టి ఈ పిల్ల ప్రాక్టీసుకు వచ్చేది. ఒకరోజు ముందే వచ్చేది, ఒకరోజు సగంలో వచ్చేది. వచ్చి బ్యాగు గోడ దగ్గర పెట్టి, "మేడం, ఈరోజు ఎవురు రాలేదు?" అని అడిగేది. ఎవరు రాకపోతే అక్కడికి పోయేది. ఎడమ పక్క గడ్డిలో నిలబడమంటే నిలబడేది, మాస్కు పెట్టుకోమంటే పెట్టుకునేది. నాలుగేళ్ళు అట్లా తిరిగింది. ఒక్క చోటా కుదురుగా లేదే, ఈ పిల్ల ఎప్పటికి బాగుపడుతుందో అని నేను దిగులుపడేదాన్ని. దిగులుపడేదాన్ని, చూడండి.

మ్యాచికి వారం ముందు జట్టు పేర్లు ఆన్‌లైనులో పంపాలి. పేరు, పుట్టినరోజు, తరగతి, ఆ పక్కన పొజిషన్ అని ఒక గడి. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఆడే తొమ్మిది మంది పేర్లు ఎక్కించాను. చివరి వరుసకు ఇద్దరు మిగిలారు. ఒకతె కుడి పక్క గడ్డిలో నిలబడే పిల్లకు రిజర్వు, మూడేళ్ళుగా అదే చోటు, బంతి ఎప్పుడో గాని అటు రాదు. రెండోది ఈ పిల్ల.

ఈ పిల్ల పేరు కొట్టి, పొజిషన్ గడి దగ్గర ఆగిపోయాను. ఏం రాయను? ఒకటి రాస్తే అబద్ధమవుతుంది. తొమ్మిదీ రాయడానికి ఆ గడిలో చోటు లేదు. ఏదో ఒకటి కొట్టేసి పంపి ఉంటే సరిపోయేది. కాగితం మీద అబద్ధం రాయకూడదని చిన్నప్పటి నుంచీ పట్టుకున్న నియమం నాకప్పుడే గుర్తుకు రావాలా? పేరు చెరిపేసి రిజర్వు పిల్ల పేరు ఎక్కించాను.

సాయంత్రం పిలిచి నేనే చెప్పాను. "నీకంటూ ఒక చోటు లేదమ్మా. ఏం రాయాలో నాకు తెలియలేదు. స్కోరు పుస్తకం రాయడానికి నువ్వూ మాతో రా."

"సరే మేడం" అంది. తర్వాత గుర్తొచ్చింది, ఆమెది పదో తరగతి. ఆ మ్యాచి చూడడానికి స్పోర్ట్సు హాస్టలు నుంచి సెలెక్టరు వస్తున్నారు. ఆ హాస్టల్లో సీటు దొరికితే ఇంటరు చదువు, భోజనం, ఆట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. దొరకకపోతే పదితో చదువు చాలని ఆమె నాయన ముందే చెప్పేశాడు. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. తెలిసి కూడా ఆ గడి ముందు అది నాకు తట్టలేదు.

ఇక క్యాచరు లేని రెండు రోజుల సంగతి. వంటక్క చెప్పిపోయిన పది నిమిషాలకు పిల్లల్ని వరుసగా నిలబెట్టాను. ఎవరు క్యాచరుగా కూర్చుంటారని అడిగాను.

"నాది థర్డ్ బేస్ మేడం" అంది థర్డ్ బేస్ పిల్ల.

"నీది థర్డ్ బేస్ అని నాకు తెలియదా? నేనిచ్చిందే కదా."

"మీరిచ్చినారు కాబట్టే గదా మేడం వదలకూడదని."

ఇంకొకతె మాస్కు పెట్టుకుంటే ముఖం మీద చెమటకాయలు లేస్తాయంది. ఇంకొకతె ముసుగు పిల్ల పెట్టుకున్న మాస్కు పెట్టుకుంటే తనకూ అమ్మవారు పోస్తుందంది. డెట్టాలుతో కడిగానని చెబితే, అమ్మవారికి డెట్టాలు లెక్కా మేడం అని నన్నే అడిగింది. తల పట్టుకున్నాను.

స్కోరు పుస్తకం రాయడానికి వస్తున్న పిల్ల గోడ దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. పోటీల ఏర్పాట్లు చూసే పెద్దమనిషికి ఫోను చేశాను. ఒక్క పేరు మార్చుకుంటానండీ అని బతిమాలాను.

"మేడం, వెబ్‌సైటు మూసేసినారు. ఇంక దేవుడొచ్చినా తెరుచుకోదు" అన్నాడు.

"దేవుణ్ణి మధ్యలోకి తేవద్దు సార్. మీరు తెరవగలరా లేదా చెప్పండి."

"నేనా? నాకు పాస్‌వర్డే లేదు మేడం."

చివరికి ఫస్ట్ బేస్ పిల్ల ఒప్పుకుంది. పొడుగు పిల్ల, బంతి గట్టిగా పట్టే చేతులు. ఈ ఒక్క మ్యాచి అయ్యాక నా బేసు నాకే అని నాతో ఒట్టు వేయించుకుంది. ఫస్ట్ బేస్ ఖాళీ అయింది కాబట్టి సెకండ్ బేస్ పిల్లను అక్కడికి జరిపాను. ఆమె చోటుకు కుడి పక్క గడ్డి పిల్లను తెచ్చాను. గడ్డిలోకి ఆ రిజర్వు పిల్ల. ఒక అమ్మాయి మంచం పట్టినందుకు నలుగురు తమకు తెలియని చోట నిలబడ్డారు. ఆ నలుగురికీ రెండు సాయంత్రాల్లో పని నేర్పాలి. నేర్పింది ఎవరనుకున్నారు? లిస్టులో లేని పిల్లే.

ఆ సాయంత్రాల్లో ఆమె అన్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. "మే, కండ్లు మూయొద్దు. బ్యాటు నీకు తగలదు, తగిలేటట్లుంటే నేను సెప్తా గదా. బంతి కింద పడితే చేత్తో కాదు, ఒళ్ళంతా అడ్డం పెట్టు. గోడ మాదిరి ఉండు." ఫస్ట్ బేస్ పిల్ల, "నీ పేరు లేదు గదా, నీకెందుకే ఇంత పని?" అంటే, "పేరు లేకపోతే నోరు కూడా లేదా?" అని నవ్వింది.

శుక్రవారం పొద్దున నైవేద్యం పెట్టి, పిల్లలందరికీ తలా ఒక కుంకుమ బొట్టు పెట్టి చిత్తూరు బస్సెక్కించాను. గ్రౌండులో కంచె వల వెనక కుర్చీలు వేశారు. ఒక కుర్చీలో స్కోరు పుస్తకంతో మా పిల్ల. రెండు కుర్చీల అవతల సెలెక్టరు, కడప వైపు మనిషి. నాకంటే పెద్దావిడ, కాళ్ళకు కాన్వాసు బూట్లు, చేతిలో మడత పెట్టిన లిస్టు.

మ్యాచి మొదలైంది. మా పిచ్చరు ఆ రోజు చాలా బాగా వేసింది. దేవుడి దయ, ఆమెకు మాత్రం తన చోటు తనకే ఉంది. మిగతావాళ్ళను నడిపిస్తున్నది మాత్రం నేను కాదు. ప్రతి బంతికీ ముందు వల వెనక నుంచి మా పిల్ల గొంతు వినిపించేది. "రెండడుగులు ముందుకు రా మే, ఆ పిల్ల మెల్లగా తట్టి పరిగెత్తేది. ఫస్ట్‌లో ఉండేదానా, కాలు బేసు మీద పెట్టు. గడ్డిలో ఉండేదానా, ఫస్ట్‌కు బంతి ఏస్తే నువ్వు దాని ఎనక్కి పరిగెత్తాల, నిద్రపోవద్దు." చెప్పినట్టు చేసినప్పుడల్లా బంతి అక్కడికే వచ్చేది.

సగం ఆట అయ్యాక అవతలి జట్టు మేడం అంపైరు దగ్గరికి పోయింది. లిస్టులో లేని పిల్ల బయటి నుంచి చెబుతోంది, ఇదేం పద్ధతి అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అంపైరు నా దగ్గరికి వచ్చాడు. "మేడం, మీ స్కోరు పిల్లను నోరు మూసుకోమనండి. లేకపోతే బయటికి పంపిస్తా."

నేను వల దగ్గరికి పోయాను. నిజం చెబుతున్నాను, నాకు సిగ్గుగా కూడా అనిపించింది. పెద్దల ముందు మాట పడడం నాకు అలవాటు లేదు. "ఇంక ఒక్క మాట మాట్లాడొద్దు. నీ పని పుస్తకం రాయడం" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

"సరే మేడం" అంది.

చివరి ఇన్నింగ్సు. మేము ఒక్క పరుగు ముందున్నాం. అవతలి జట్టులో ఇద్దరు అవుటు, ఇంకొక్కరు అవుటయితే గెలుపు మాదే. వాళ్ళ పిల్లలు ఇద్దరు రెండో బేసు మీదా మూడో బేసు మీదా ఉన్నారు. మా పిచ్చరు రెండు స్ట్రైకులు, అంటే బ్యాటుకు అందని రెండు మంచి బంతులు, వేసింది; మూడోది పడితే అవుటు. మూడోది కూడా వేసింది. బ్యాటు గాలిలో తిరిగింది, బంతికి తగల్లేదు. నేను చేతులు జోడించేశాను.

ఈ ఆటలో ఒక రూలుంది. మూడో స్ట్రైకు పడినా క్యాచరు బంతిని పట్టుకోకపోతే, ఇద్దరు అవుటయి ఉన్నప్పుడు బ్యాటు చేసే అమ్మాయి ఫస్ట్ బేసుకు పరిగెత్తవచ్చు. ఆట అయిపోయినట్టు కాదు. మా పొడుగు పిల్ల కళ్ళు మూసింది. బంతి ఆమె మోకాలికి తగిలి పక్కకు పోయింది. పాపం వెంటనే తీసి ఫస్ట్ బేసుకు విసిరింది. అక్కడున్న సెకండ్ బేస్ పిల్ల కాలు బేసు మీద పెట్టాలా, బంతి కోసం చేయి చాపాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. బంతి ఆమెను దాటి గడ్డిలోకి పోయింది. అటువైపు గడ్డి పిల్ల పరిగెత్తి బేసు వెనకాల ఉండాల్సింది. ఆమె తనకు మూడేళ్ళుగా తెలిసిన చోట, కుదురుగా నిలబడి ఉంది.

ఇద్దరూ పరిగెత్తి వచ్చేశారు. ఓడిపోయాం.

నేను వల వైపు తిరిగాను. మా పిల్ల రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకొని ఉంది. పుస్తకం కింద పడిపోయింది. ఆ బంతి పడకముందే ఆమెకు తెలుసు, గడ్డి పిల్లను పరిగెత్తమని అరవాలని. నేను వద్దన్నాను కాబట్టి అరవలేదు.

సెలెక్టరు లేచి నా దగ్గరికి వచ్చారు. "మేడం, పొద్దున్నుంచి నేను మీ జట్టును సూడ్లా. ఈ పిల్లనే సూస్తాండా. బంతి పడకముందే యాడికి పోవల్లనో ఈ పిల్లకు తెలుస్తాండాది. లిస్టంతా తిరగేసినా, పేరు లేదే. ఈమెది ఏ పొజిషన్?"

"ఆ అమ్మాయికంటూ ఒక పొజిషన్ లేదు మేడం. ఎవరు రాకపోతే అక్కడ నిలబడుతుంది."

ఆవిడ చేతిలోని లిస్టును మళ్ళీ మడత పెట్టారు. "తొమ్మిది చోట్లా నిలబడే పిల్లను పొజిషన్ లేదని బయట పెట్టినారా?" అన్నారు. తిట్టలేదు. అలసిపోయినట్టు అన్నారు. "నా చేతిలో ఉండే అధికారం లిస్టులో ఉండేవాళ్ళకే. లేని పేరును నేను యాడ రాసుకునేది?" మా పిచ్చరు పేరు రాసుకొని వెళ్ళిపోయారు.

నేను ఊరుకోలేదు. హెడ్‌మాస్టరుగారితో హాస్టలుకు ఉత్తరం రాయించాను. లిస్టు ప్రకారమే అని జవాబొచ్చింది. ఆ ఆదివారం పిల్ల ఇంటికి పోయాను. ఆమె నాయన షిఫ్టు దిగి వచ్చి గడప మీద కూర్చొని ఉన్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, కుర్చీ వేసి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నం చేద్దాం. ఇంటరులో చేర్పించండి. ఫీజుల సంగతి బడి చూసుకుంటుంది" అన్నాను.

"మీ మాట కాదనేదానికి లేదమ్మా. అయితే మీరే గదా సెప్పింది, దానికంటూ ఒక సోటు లేదని? ఇంటికొచ్చి నాకు అదే సెప్పి ఏడ్సినాది. ఆటలో సోటు లేనప్పుడు, ఆ ఆట పేరు సెప్పి నేను యాడికని పంపించేది?"

నా మాటే నా ముందు పెట్టాడు. ఒక్క అక్షరం మార్చలేదు. లోపల్నుంచి ఆ పిల్ల కాఫీ తెచ్చి ఇచ్చింది. "తాగండి మేడం, చల్లారిపోతాది" అంది.

ఆమె హాస్టలుకు పోలేదు, కాలేజీకీ పోలేదు. పదో తరగతి పాసయి ఇంట్లో ఉంది. కాని నేను రెండోసారి పోయి అడిగితే వాళ్ళ నాయన ఒక్కదానికి ఒప్పుకున్నాడు. సాయంత్రాలు గంటసేపు మా గ్రౌండుకు రానిస్తానన్నాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఆ పిల్ల వచ్చి మా జట్టును తలకిందులు చేసింది. వారానికి ఒకసారి తొమ్మిది చీటీలు రాసి నా టోపీలో వేసేది. ఎవరికి ఏ చీటీ వస్తే ఆ రోజుకు అదే చోటు. పిల్లలు ఏడ్చారు. థర్డ్ బేస్ పిల్ల నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఒక తల్లి బడికి వచ్చి, "మా పాప బేసును ఎవురికి ఇచ్చినారు?" అని పొలం గట్టు జరిపినంత గొడవ చేసింది. హెడ్‌మాస్టరుగారు, "మీకు నెమ్మది ఎక్కువనుకున్నా మేడం, ఇదేం పితలాటకం?" అన్నారు. అందరికీ విసుగే, నాకు మరీ విసుగు. ఒక్క ఆమెకే విసుగు లేదు. "క్యాచరుగా కూర్చున్నోళ్ళకే తెలుస్తాది మేడం, ఫస్ట్ బేస్‌లో ఉండేది ఎంత దూరముండాదో. ఆడ నిలబడినోళ్ళకే తెలుస్తాది, బంతి ఎంత వేగంగా వస్తాదో. ఒకరి కష్టం ఇంకొకరికి తెలియాల గదా" అనేది. ఇంత మాట రూల్సు పుస్తకంలో నాకు కనిపించలేదు. అంతమంది సేవ చేసే గుడిలో కూడా నేను గమనించలేదు.

మరుసటేడు మా పిల్లలు జిల్లా దాటి రాష్ట్రస్థాయికి పోయారు. ముగ్గురికి హాస్టల్లో సీట్లు వచ్చాయి. పోటీల కాగితాల్లో కోచ్ అని ఒక గడి ఉంటుంది. అందులో బడిలో ఉద్యోగం చేసేవాళ్ళ పేరే రాయాలట. నా పేరే రాశారు. నాకే శాలువా కప్పారు. అడ్డం చెప్పాను గాని ఎవరూ వినలేదు. ఆ శాలువా తీసుకుపోయి ఆమెకిస్తే, "నాకెందుకు మేడం, అక్కకియ్యండి, చలికి పనికొస్తాది" అని మా వంటక్కను చూపించింది.

ఇప్పుడామె గూడూరు దగ్గర పెళ్ళయి ఉంది. ఇది రాస్తున్నానని ఫోను చేసి చెప్పాను. "నా పేరు రాయొద్దు మేడం, మా అత్తోళ్ళు సదివితే, ఇన్నాళ్ళూ మాకెందుకు సెప్పలేదే అంటారు" అని నవ్వింది. అందుకే ఇందులో ఎవరి పేర్లూ రాయలేదు.

మీరు ఎప్పుడో ఒక సాయంత్రం లిస్టు నింపుతూ కూర్చుంటారు. చివరి వరుసలో, ఏ గడిలోనూ ఇమడని ఒక పిల్ల పేరు దగ్గర మీ చేయి ఆగుతుంది. అప్పుడు నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రెండు చేతులతో నోరు మూసుకొని వల వెనక కూర్చున్న మా పిల్లను ఒక్కసారి తలుచుకోండి. తలుచుకొని, ఆ గడిలో ఏదో ఒకటి రాసి పంపండి.